కూవంలో నిలబడ్డ మనిషి

సోమవారం ఉదయం పదీ పదికి ఇన్‌స్పెక్టర్ మోహన్‌రాజ్ తన బల్ల మీద ఒక రంగుల పటం పరిచి, దాని మీదున్న ఎర్ర చుక్కల్లో చివరిదాని మీద వేలు పెట్టాడు.

"ఇదో, ఈడ. చెంగల్రాయుడు చివరిగా నిలబడిన చోటు. ఆరోగ్యసామి పడవ షెడ్డు. ఇంకేం కావాలప్పా నీకు?"

డిటెక్టివ్ సుందరం పటం వైపు వంగలేదు. ముందు గోడ గడియారం చూశాడు. ఆరోగ్యసామిని నిన్న సాయంత్రం ఐదింటికి పట్టుకున్నారు. ఇవాళ నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ అతను నేరం ఒప్పుకుంటే ఇక ఏ డిటెక్టివూ చేయగలిగింది ఏమీ ఉండదు. చేతిలో ఉన్నది ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ.

బయట స్టేషన్ మెట్ల మీద ఆరోగ్యసామి భార్య లూర్దుమేరి కూర్చుని ఉంది. సుందరాన్ని ఈ కేసులోకి పిలిచింది ఆమే. ఏడవలేదు, బతిమాలలేదు. "ఆయన చేసుంటే ఉరి తియ్యమనండి. చెయ్యలేదు" అంది అరవంలో. అంత తక్కువ మాట్లాడే మనుషులంటే సుందరానికి నమ్మకం.

"మొదటి నుంచి చెప్పండి" అన్నాడు.

మోహన్‌రాజ్ విసుగ్గానే చెప్పాడు. చెంగల్రాయుడు రిటైరయిన సర్వేయరు. వయసు అరవై మూడు, ఇల్లు చింతాద్రిపేట. కాశిమేడు రేవులో మర పడవల సంఘం నలభై జీపీఎస్ పెట్టెలు కొనింది. అరచేతిలో పట్టే ఆ పెట్టె, ఆకాశంలోని ఉపగ్రహాలను బట్టి తానెక్కడుందో అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకెలను కంప్యూటర్లో పటం మీద చుక్కలుగా చూపడానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. రెండు కంపెనీలు పోటీకి వచ్చాయి. ఏది కొనాలో తేల్చే పని చెంగల్రాయుడికి అప్పజెప్పారు. గురువారం అతను ఒక పెట్టె జేబులో వేసుకుని రోజంతా ఊరు తిరిగాడు. శుక్రవారం ఉదయం ఆరింటికి రేవు రాళ్ళ మధ్య శవమై కనిపించాడు.

"మెడ విరిగింది. తుంటి విరిగింది. ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు. ఎత్తు మీద నుంచి పడినాడు, ఆ తర్వాత ఎవరో తెచ్చి రాళ్ళలో పడేసినారు. షెడ్డులో మరమ్మతుకి ఎత్తిపెట్టిన పడవ ఉండాది. పన్నెండు అడుగులు. సరిపోతుందా?"

"కారణం?"

"ఫిబ్రవరిలో ఆరోగ్యసామి నడిపిన పడవ, నీళ్ళ కింద ఉండే పాత ఓడ శకలాన్ని గుద్దింది. ఇద్దరు పోయినారు. నిద్రపోయినాడని సంఘం వీణ్ణి తీసేసింది. దాని మీద కూడా రిపోర్టు రాసేది చెంగల్రాయుడే. పోయిన మంగళవారం చేపల ఏలంలో, నలుగురి ముందర, వీడు అతని చొక్కా పట్టుకున్నాడు. 'తప్పంతా నా తల మీద వేసి రాస్తావా' అని."

"ఆ పెట్టె ఏది?"

మోహన్‌రాజ్ బీరువా తెరిచి చిన్న గుడ్డ సంచీ తీశాడు. మూతికి లక్క. లక్క మీద స్టేషన్ ముద్ర. పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు, శుక్రవారం తేదీ, ఉదయం ఏడుంబావు.

"శవం జేబులో దొరికింది. అప్పుడే సీలు వేసేసినాం. కోర్టుకి పోయేదాకా ఎవరూ ముట్టేదానికి లేదు."

సుందరం ఆ లక్కను నాలుగు పక్కలా చూశాడు. ఎక్కడా పగుల్లేదు.

"మరి ఈ పటం?"

"కడల్‌మ్యాప్ అని, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే శ్యామ్ ఇచ్చినాడు. ఎవరు ఎప్పుడు యాడ ఉండారో అంతా ఉపగ్రహంలో ఉంటుంది కదప్పా. దాంట్లోంచి తీసిచ్చినాడు. పల్లెటూరి బడిలో పదో క్లాసు చదివినోడివి, నీకు ఇవన్నీ పాఠం చెప్పేదానికి నాకు టైము లేదు."

"ఒక కాపీ ఇప్పించండి."

"ఎత్తుకోని పో. నాలుగింటికి కోర్టు. ఆ లోపల ఏ ఉపగ్రహంతో మాట్లాడతావో మాట్లాడుకో."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. సుందరం పటాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్విన కానిస్టేబుల్ నంబరు కూడా చూసుకున్నాడు.

*

పదకొండూ ఇరవైకి చింతాద్రిపేటలో చెంగల్రాయుడి ఇల్లు. భార్య కమలాంబ తలుపు తీసింది.

సుందరం ఓదార్పు మాటలు చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో పక్క మంచం మనిషి చీటీని తన భార్య మంచానికి కట్టారు. ఆ చీటీ చూసి మందు ఎక్కించారు. కట్టినవాడు తర్వాత చేతులు పట్టుకుని క్షమించమన్నాడు. సుందరం క్షమించలేదు. ఆమె పోయాక పదమూడు రోజుల్లో విన్న ఓదార్పులు అతనికి చాలినన్ని.

"గురువారం ఎన్నింటికి బయల్దేరాడు?"

"తొమ్మిదిన్నర దాటింది. మామూలుగానే రాయి మీద నిలబడి, తర్వాత పోయినాడు."

"ఏ రాయి?"

ఆమె వాకిట్లోకి వచ్చి చూపించింది. మెట్టు పక్కన నేలలో నాటిన నల్లరాయి. దాని నెత్తిన ఉలితో చెక్కిన త్రికోణం, మధ్యలో చుక్క. సర్వే రాయి.

"ఈ రాయి ఉండాదనే ఈ ఇల్లు కొన్నాడు. గాలి లేదు, వెల్తురు లేదు, వద్దంటే వినలేదు. పని మీద పోతే మొదట దీని మీద నిలబడి, ఆ పెట్టె తెరిచి, అంకె సరిపోయిందా అని చూడాల. తిరపతికి పోయినా అంతే. తెలిసిన చోట మొదలుపెట్టకపోతే తెలియని చోటు ఎట్ల తెలుస్తుంది అంటాడు. యాడ నిలబడి కొలిచినా ఇదే గుర్తు సుద్దముక్కతో గీసి వస్తాడు. నా వంటింట్లో కూడా గీసినాడు."

'అన్నాడు' అనడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

సుందరం తండ్రి పుంగనూరు దగ్గర పల్లెలో తలారి. ఏటా ఊరి సర్వే రాళ్ళన్నీ ఉన్నచోటే ఉన్నాయని చూసిరావడం అతని పని. చిన్నప్పుడు సుందరం ఆ రాళ్ళ మీద ఎక్కి తన్నులు తిన్నాడు. రాయి ఎక్కడుందో అక్కడే ఉంటుందన్నది బడికంటే ముందు నేర్చుకున్న సంగతి.

అతను పటం విప్పి మెట్టు మీద పరిచాడు. ప్రతి చుక్క పక్కనా టైము ఉంది. మొదటి చుక్క తొమ్మిదీ ముప్పై నాలుగు. దాని కోసం చింతాద్రిపేట వీధులన్నీ వెతికాడు. వీధుల్లో లేదు.

"మీ ఆయనకి ఈత వచ్చా?"

"నీళ్ళంటే బయం. సముద్రం కాడ కూడా ఇసకలోనే నిలబడతాడు. ఏం?"

"ఈ పటం ప్రకారం తొమ్మిదీ ముప్పై నాలుగుకి ఆయన కూవం నది మధ్యలో నిలబడి ఉన్నాడు."

కమలాంబ కళ్ళద్దాలు తెచ్చుకుని చూసింది. నీలం రంగు నది మధ్యలో ఎర్ర చుక్క.

"ఆ కూవంలో కుక్క కూడా దిగదు. ఏ మహానుభావుడు గీసినాడు దీన్ని?"

సుందరం స్కేలు పెట్టి కొలిచాడు. రాయి ఉన్న చోటు నుంచి చుక్క దాకా రెండుంబావు సెంటీమీటర్లు. పటం మీద సెంటీమీటరుకి వంద మీటర్లు. అంటే వాయవ్య మూలకి రెండు వందల పాతిక మీటర్లు.

"ఆ పెట్టె గురించి ఇంట్లో ఏమైనా చెప్పేవాడా?"

"ఏమి చెప్తాడు. రేడియో మాదిరే అనేవాడు. వింటదంతే, పలకదు. పైన తిరిగేవాటికి దీని సంగతే తెలీదంట. నువ్వు నడిచిన దారంతా దాని కడుపులోనే పెట్టుకుంటది, వైరు తగిలిస్తేనే కంప్యూటర్‌కి చెప్తది అన్నాడు."

పెన్సిలు ఆగింది. సుందరం ఆ మాటను మళ్ళీ చెప్పించుకుని, ఉన్నదున్నట్టు రాసుకున్నాడు.

ఆమె లోపలి నుంచి భర్త నోట్‌బుక్కు తెచ్చింది. చివరి పేజీలో బుధవారం తేదీ. మొదట మర్నాడు ఏ టైముకి ఏ దారిన నడవాలో ఉంది. తర్వాత పొడి మాటలు:

కడల్‌మ్యాప్ — రంగులు బాగున్నాయి. గబుక్కున తెరుచుకుంటుంది. ఏ పటం పెట్టినా ఏమీ అడగకుండా మింగుతుంది.

ధ్రువ — చూడ్డానికి దరిద్రం. పటం ఏ కొలత ప్రకారం గీసిందో చెప్పేదాకా కదలదు. విసిగిస్తుంది. అదే కావాలి.

కడల్‌మ్యాప్ గోడకి పెట్టుకోవచ్చు. పడవకి వద్దు.

కింద గీత గీసి మరో వాక్యం: ఆరోగ్యసామి తప్పు లేదు. రేపు చెప్పేయాలి.

ఎవరికి చెప్పాలో రాసుకోలేదు.

"కాఫీ తాగి పోండి" అంది కమలాంబ.

"తాగను. ఈ పుస్తకం సాయంత్రం తెచ్చిస్తాను."

*

ఒంటిగంటకి కాశిమేడు. మర పడవల సంఘం ఆఫీసు మూడంతస్తుల మేడలో పై అంతస్తు. కంప్యూటర్ ముందు ఆపరేటర్ మధుమిత ఉంది. పక్కన టై కట్టుకుని శ్యామ్, కొత్త సీడీల పెట్టె విప్పుతున్నాడు. సంఘం సెక్రటరీ వెంకట్రామ్ కుర్చీ ఖాళీగా ఉంది.

"సెక్రటరీ సార్ కోర్టు పని ఉండాదని పోయినాడు" అంది మధుమిత. "శనివారమే కడల్‌మ్యాప్‌కి ఆర్డరు సంతకం చేసేసినాడు సార్. ఈయన ఎక్కించేదానికి వచ్చినాడు."

సుందరం పటం శ్యామ్ ముందు పెట్టాడు. "మొదటి చుక్క కూవంలో ఉంది."

శ్యామ్ నవ్వాడు. అమ్మేవాడి నవ్వు. "అది మా తప్పు కాదు సార్. ఉపగ్రహాలు అమెరికా మిలిటరీవి. బయటివాళ్ళ పెట్టెల్లో వాళ్ళే కావాలని తేడా పెడతారు. వంద మీటర్ల దాకా ఉంటుంది. మాన్యువల్లోనే ఉండాది."

"ఆ తేడా ఎప్పుడూ ఒకే దిక్కుకి పోతుందా?"

"లేదు సార్, అటూ ఇటూ ఊగతా ఉంటుంది."

"పదకొండింటికి రైలు పట్టాల పక్కన నడవాలని చెంగల్రాయుడు ముందురోజే రాసుకున్నాడు. నీ పటంలో పట్టాలకి వాయవ్యంగా ఇళ్ళ నడినెత్తి మీద నడిచాడు. రెండింటికి బీచి రోడ్డు. నీ పటంలో రోడ్డుకి వాయవ్యంగా గోడల్లోంచి దూరి పోయాడు. రోజంతా ఒకే దిక్కు. అమెరికావాళ్ళు వంద మీటర్లు ఊపుతారంటున్నావు. ఇది రెండు వందల పాతిక."

శ్యామ్ సీడీ పెట్టె మూత మూశాడు.

జవాబు మధుమిత ఇచ్చింది. "ఆ సంగతే చెంగల్రాయుడు సార్ చెప్తా ఉండె. మన వీధుల్లో ఒకే ఇంటికి పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు ఉండవా సార్? అట్ల. మన దేశం పటాలు తెల్లోళ్ళ కాలం కొలత ప్రకారం గీసినవి. ఉపగ్రహానిది కొత్త కొలత. కొత్త నంబరు తీసుకోని పాత నంబరు ఇంటికి పోతే వేరే ఇంట్లోకి పోతాం. ధ్రువ ఏ నంబరని అడుగుతుంది. కడల్‌మ్యాప్ అడగదు."

"ధ్రువ ఉందా ఇందులో?"

"ట్రయల్ కాపీ ఉండాది."

"గురువారం దారి దాంట్లో పెట్టు."

శ్యామ్ తన బ్యాగులోంచి ఒక ఫ్లాపీ తీసి ఇచ్చాడు. ధ్రువ నిజంగానే దరిద్రంగా ఉంది. నలుపు తెలుపు గీతలు, రంగు లేదు. తెరవగానే ఒక ప్రశ్న వేసి ఆగిపోయింది. మధుమిత జాబితాలోంచి పాత ఇండియా కొలతను ఎంచింది. చుక్కలు ఒక్కొక్కటే పడ్డాయి. మొదటిది చింతాద్రిపేట వీధిలో, రాయికి పాతిక మీటర్ల లోపల. తర్వాతవి పట్టాల పక్కన. తర్వాతవి రోడ్డు మీద.

"ఓడ శకలం ఉండే చోటు మీ పెట్టెల్లో ఎవరు వేశారు?" అని అడిగాడు సుందరం, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"జనవరిలో నేనే వేసినా సార్. కడల్‌మ్యాప్‌లో చూసి ఆ అంకెలు అన్నిట్లోనూ ఎక్కించమన్నాడు సెక్రటరీ సార్. చెంగల్రాయుడు సార్ ఇంకా పరీక్ష చెయ్యాల, ఆగమన్నాడు. సెక్రటరీ సార్ ఆగలేదు." ఆమె గొంతు తగ్గింది. "ఇప్పుడు అర్థమవతా ఉండాది. ఆరోగ్యసామన్న ఆ అంకెలు చూసుకునే పడవ నడిపినాడు."

శకలానికి దూరంగా పోతున్నానని అనుకుంటూ దాని మీదికే పోయాడు. సుందరం తన పుస్తకంలో ఒక గీత గీశాడు. ఆ రెండు వందల పాతిక మీటర్లు ఆరోగ్యసామిని ఒకసారి ముంచాయి. ఇప్పుడు రెండోసారి ముంచడానికి కోర్టులో సిద్ధంగా ఉన్నాయి.

"చివరి చుక్కలు?"

నాలుగూ ఇరవై ఐదు నుంచి ఐదూ యాభై రెండు దాకా చుక్కలన్నీ ఒకే చోట కుప్పగా పడ్డాయి. మధుమిత ఆ చోటును పెద్దది చేసింది. చేతిని మౌస్ మీద నుంచి తీసేసింది.

"ఎక్కడ?"

"ఈ బిల్డింగే సార్."

శ్యామ్ లేచి నిలబడ్డాడు.

"కూర్చో" అన్నాడు సుందరం. "ఈ పెట్టె రేకుల కప్పు కింద పనిచేస్తుందా?"

"లేదు సార్. పైన ఆకాశం కనపడాల."

"గంటన్నర పాటు ఒక్క నిమిషం కూడా తప్పలేదు. ఆరోగ్యసామి షెడ్డుకి తగరపు రేకులు, వచ్చేటప్పుడు చూశాను. ఇక్కడ ఆకాశం ఎక్కడ కనపడుతుంది?"

మధుమిత తల పైకెత్తింది. "మొట్టమాడి మీద."

మేడ మీదికి పోయే తలుపుకి కొత్త తాళం. పాతది పోయిందని శుక్రవారం పొద్దున సెక్రటరీ మార్చాడట. తాళంచెవులు రెండు. ఒకటి ఆయన దగ్గర, ఇంకోటి ఆమె డ్రాయర్లో. ముగ్గురూ పైకి వెళ్ళారు. పిట్టగోడ మూడు పక్కల నడుం దాకా ఉంది. వెనక పక్క మోకాలి దాకానే కట్టి వదిలేశారు. సుందరం ఆ పక్క నేల మీద కూర్చుని గోడను అంగుళం అంగుళం చూశాడు. తడిగుడ్డతో తుడిచిన మరక. తుడిచినవాడికి ఓపిక లేదు. సిమెంటు గుంటల్లో సుద్ద మిగిలిపోయింది. త్రికోణంలో రెండు గీతలు, మధ్యలో చుక్క.

కింద సందులో ఐసు గోడౌను వెనక గోడ. సందు మధ్యలో కొత్త ఇసుక మందంగా పరిచి ఉంది. ఇల్లు కట్టేవాళ్ళెవరూ ఆ చుట్టుపక్కల లేరు.

"ఆ ఇసుక గురువారం ఉందా?"

"లేదు సార్. నేను ఆ సందులోంచే బస్సుకి పోతా. గురువారం ఐదింటికి పోయినా. చెంగల్రాయుడు సార్ అప్పటికే పైన ఉండె. తర్వాత దిగి పోయినాడనే అనుకున్నా."

"నువ్వు పోయేటప్పుడు ఆఫీసులో ఎవరున్నారు?"

"సెక్రటరీ సార్ ఒక్కడే."

సుందరం మోకాళ్ళు దులుపుకుని శ్యామ్ వైపు తిరిగాడు. "ఆ ఫ్లాపీ నీకెక్కడిది?"

"సెక్రటరీ సార్ ఇచ్చినాడు. శనివారం. స్టేషన్‌లో పెట్టెకి వైరు పెట్టి తీసిచ్చినారు, ప్రింటు వేసి ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చేసి రా అన్నాడు. వేసి ఇచ్చినా."

"ఉపగ్రహం నుంచి తీశానని చెప్పావా?"

"వాళ్ళే అట్ల అనుకున్నారు. నేను కాదనలేదు. పోలీసోళ్ళు మెచ్చుకుంటా ఉంటే మధ్యలో తప్పు పట్టేదెట్ల సార్?"

"నీకు మెప్పు దొరికింది. ఒకడికి లాకప్ దొరికింది. కోర్టులో ఈ మాటే చెబుతావు. ఒక్క అక్షరం మారినా నిన్ను వదలను."

కిందికి వచ్చాక మధుమిత అడగకుండానే ఫ్లాపీలో ఫైలు ఎప్పుడు తయారైందో చూసింది. చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"గురువారం సార్. రాత్రి ఎనిమిదీ పది. ఈ కంప్యూటర్‌లోనే చేసుండాది."

గోడ గడియారం రెండూ యాభై. సుందరం ఫోను అందుకుని స్టేషన్‌కి కలిపాడు.

మోహన్‌రాజ్ గొంతులో హుషారు ఉంది. "ఆలస్యం చేసినావు సుందరం. వాడు మేజిస్ట్రేటు ముందర ఒప్పుకునేదానికి సరేనన్నాడు. నేను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. సంఘం పెద్దమనిషి వచ్చి సర్ది చెప్పినాడు, పెండ్లాం బిడ్డల్ని సంఘం చూసుకుంటుందని. వ్యాన్ ఎక్కించేదానికి పోతా ఉండాం."

"ఒక్క ప్రశ్న. ఆ పెట్టె సీలు మీరుగాని ఇంకెవరైనా గాని విప్పారా?"

"పొద్దునే చూసినావు కదా. శుక్రవారం ఏడుంబావు నుంచి ఎవరూ ముట్టలేదు."

"ఆ పెట్టె రేడియో లాంటిది. వింటుంది, పలకదు. అది నడిచిన దారి ఏ ఉపగ్రహంలోనూ ఉండదు, దాని కడుపులో తప్ప. వైరు తగిలిస్తేనే బయటికి వస్తుంది. మీరు సీలు విప్పలేదు. దారి మాత్రం మీ బల్ల మీద ఉంది."



"అంటే?" మోహన్‌రాజ్ గొంతులో హుషారు పోయింది.

"మీ లక్క పడకముందే ఎవరో వైరు తగిలించారు. గురువారం రాత్రి ఎనిమిదీ పదికి, సంఘం ఆఫీసులో. శవం మీకు దొరికింది మర్నాడు ఆరింటికి. చెంగల్రాయుడు ఎక్కడ పడ్డాడో అప్పటికే తెలిసినవాడు ఆ దారి చూశాడు. కడల్‌మ్యాప్ దాన్ని ఆరోగ్యసామి షెడ్డు మీద వేస్తుందని కూడా చూశాడు. పెట్టెను శవం జేబులో మళ్ళీ పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరన్న ఆ సంఘం పెద్దమనిషి ఎవరు?"

"సెక్రటరీ. వెంకట్రామ్."

"ఎక్కడున్నాడు?"

మోహన్‌రాజ్ పక్కవాడితో కాఫీ సంగతి మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"ఈడనే. నా ఎదురుగానే కూర్చోని ఉండాడు."

"లేవనివ్వొద్దు."